రెడింగ్ దగ్గర మా వాడి క్రికెట్ క్లబ్: 5కి 4

మా వాడికి 11 ఏళ్లు. రెండు సీజన్లుగా ఇక్కడే ఆడుతున్నాడు. శుక్రవారం సాయంత్రం జూనియర్ల ప్రాక్టీసు. నెట్స్ పాతవి, గ్రౌండ్ బాగుంటుంది, టీ మాత్రం నీళ్లే. నేను రాయాలనుకున్నది క్లబ్‌లో పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ ఆఫీసర్ గురించి, ఇదివరకు వెల్ఫేర్ ఆఫీసర్ అనేవారు.

ఇంగ్లండ్‌లో పిల్లల్ని ఆడించే క్రికెట్ క్లబ్‌లో ఇలాంటి మనిషి ఉండాలి. జీతం లేదు, వాలంటీరే. కోచ్‌లకు డీబీఎస్, అంటే నేర చరిత్ర తనిఖీ, అయిందో లేదో చూస్తారు. పిల్లల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా వింటారు, పెద్ద విషయమైతే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఆ స్థాయి సేఫ్‌గార్డింగ్ ఆఫీసర్‌కి చేరవేస్తారు. తీర్పు చెప్పడం వాళ్ల పని కాదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కిందటి జూన్‌లో క్యాచ్ వదిలేశాడని కోచ్ మా వాణ్ణి అరగంట పక్కన కూర్చోబెట్టాడు. వాడు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. మా ఆయనేమో "మా పీఈటీ సారైతే వికెట్టుతోనే కొట్టేవారు" అని తేల్చేశారు. నోటీసు బోర్డు మీద నంబరుకి ఫోన్ చేశాను. అది పాత ఆఫీసర్‌దట! మెయిల్ పెడితే జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక స్టార్ అక్కడే పోయింది.

కానీ కొత్త ఆఫీసర్ ఆవిడ ఫోన్ చేశాక మాత్రం నా టెన్షన్ సగం తగ్గింది. "బాబుని గుచ్చి గుచ్చి అడగకండి. వాడంతట వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాసి పంపండి" అంది. అప్పటికే నేను పేజీ నిండా రాసుకున్నాను, 'అవమానం' అని మూడు చోట్ల. చింపేశాను. రెండు రోజుల తర్వాత దోసె తింటూ వాడే అన్నాడు: "క్యాచ్ గురించి కాదమ్మా, నా పేరు తిప్పి తిప్పి పిలిచాడు. అందరూ నవ్వారు." నా పేజీలో ఈ ముక్కే లేదు.

అదే రాసి పంపాను. పేరుతో ఎగతాళి మామూలు విషయం కాదని ఆవిడ కౌంటీకి చెప్పింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, చెప్పరు కూడా. ఆ కోచ్ వచ్చి మా వాడికి సారీ చెప్పాడు, పేరు సరిగ్గా పలికాడు. ఆ తర్వాత శుక్రవారాల్లో ఆయన పక్కన ఇంకో కోచ్ ఉంటున్నాడు.

ఇప్పుడు బోర్డు మీద పాత నంబరు పైన తెల్ల కాగితం అంటించి కొత్తది రాశారు. మొన్న ఊరికే డయల్ చేసి చూశాను. మోగింది.