బొట్టుబిళ్లలు, చెంచాలు, రాతి సింహాలు: పాపతో నెల్లూరు ట్రిప్పు

పిల్లలతో మైపాడు బీచ్‌కి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు వచ్చేయండి. నీడ తక్కువ, అలలు గట్టివి. మాకైతే గంటకే చాలనిపించింది. మా ఆరేళ్ల పాప మాత్రం ఒడ్డుకు లాగిపెట్టిన పడవ పక్కన చతికిలబడి బొమ్మ గీసింది. కాగితం నిండా పడవ అడుగే, సముద్రం మూలన ఒక్క గీత. అలా పిల్లల్లా గీయడానికే పెద్ద పెద్ద చిత్రకారులు తంటాలు పడ్డారు. పాల్ క్లీ 1911లో తన బొమ్మల జాబితా రాసుకుంటూ చిన్నప్పటి గీతల్నీ అందులో చేర్చాడు. కారెల్ అపెల్ 1949లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ క్యాంటీన్‌లో చిన్నపిల్లల తరహా బొమ్మ వేస్తే, ఉద్యోగుల గోల భరించలేక దాన్ని కప్పేశారు.

నెల్లూరులో మేం దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి. కానీ పాప అద్దం నిండా వాళ్లమ్మ బొట్టుబిళ్లలు అంటించిందని రిసెప్షన్‌లో మొహం మాడ్చుకున్నారు. జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో గదినీ సామాన్లనీ తెల్లగా చేసి, రంగు చుక్కలు పిల్లల చేతికిచ్చి అంటించుకోమంది. ఆ ఊసు రిసెప్షన్‌లో ఎత్తలేదు లెండి.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు, ఫోర్కులు చేసే ఇంటికి వెళ్లాం. నర్ది, బిక్కి లాంటి కర్రలు వాడతారు. ఒకామె ఆకురాయితో అరగదీస్తూ, పని సగమైన చెంచా పాప చేతికిచ్చింది.

"దీనికి కళ్లేవి అవ్వా?"

"నువ్వే పెట్టమ్మా" అంటూ పెన్సిల్ కూడా ఇచ్చింది. ట్రిప్పు మొత్తంలో ఇంతకన్నా మంచి సర్వీసు ఎక్కడా దొరకలేదు. డబ్బు తీసుకోమంటే ససేమిరా అంది, మిగతా చెంచాలు మాత్రం బేరం లేకుండా కొన్నాం.

భైరవకోనలో ఒకే కొండలో తొలిచిన 8 శివాలయాలున్నాయి. మేం లోపలి లింగాల కోసం తొంగిచూస్తుంటే, పాప స్తంభాల అడుగున కూర్చున్న సింహాల దగ్గరే ఆగిపోయింది. తన కంటికి సరిగ్గా అందే ఎత్తులో ఉన్నాయవి. ఒక్కోదానికి పేరు పెట్టి, పళ్లు లెక్కపెట్టింది. నేనూ గొంతుక్కూర్చుంటే తప్ప వాటి మొహాలు వేరువేరని తెలియలేదు.

ఒక్కచోటికే టైముంటే నా ఓటు భైరవకోనకే, పాప ఓటు చెంచాల అవ్వ ఇంటికి. కోనకు సొంత బండిలో వెళ్లడం మేలు. తిండి, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. వానలు పడ్డాక వెళ్తే జలపాతం బాగుంటుంది, పిల్లలకు మారుబట్టలు మరిచిపోవద్దు.