హాంగ్‌ఝౌలోని సూ కట్ట: చెరువుల సీమ నుంచి వెళ్లినవాడి అభిప్రాయం

కడపలో ఫ్యాన్సీ సామాన్ల దుకాణం నడుపుతున్న నేను, సరుకు చూసుకోవడానికి చైనాలోని యీవూ బజారుకు వెళ్లినప్పుడు ఒక రోజు తీరిక దొరకడంతో, వేగపు రైలులో గంటలోపే చేరుకోగల హాంగ్‌ఝౌకు వెళ్లి, అక్కడి పశ్చిమ సరస్సులోని సూ కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. పోరుమామిళ్ల చెరువు దగ్గర పెరిగినవాణ్ని కనుక, కట్ట అంటే ఒకవైపు నీళ్లు, మరోవైపు మళ్లు, మధ్యలో తూము, చివర మరవ (అలుగు) అన్న రూపమే నా మనసులో ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండు వైపులా నీళ్లే.

దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఈ కట్ట పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. నీళ్లు అటూ ఇటూ కదలడానికి, పడవలు పోవడానికి దీనిలో ఆరు రాతి కమాను వంతెనలు ఉన్నాయి. నీటి అంచున విల్లో చెట్లు, వాటి మధ్య పీచ్ చెట్లు ఉండటంతో నడకలో చాలా భాగం నీడలోనే సాగింది.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చెట్లు కాదు, ఈ కట్ట పుట్టిన తీరు. 1089లో హాంగ్‌ఝౌ పాలనాధికారిగా వచ్చిన కవి సూ షి, కలుపూ పూడికా పెరిగి సరస్సు కుంచించుకుపోవడం చూసి, ఈ ఊరికి సరస్సు మనిషి ముఖానికి కళ్లూ కనుబొమల వంటిదని రాజాస్థానానికి విన్నవించి, పూడిక తీయించాడు. మన దగ్గర చెరువు మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుతారు. ఆయన ఆ మట్టినే సరస్సులో పోయించి, రెండు గట్లనూ కలిపే బాటగా మార్చాడు. కలుపు మళ్లీ పట్టకుండా గట్టు దగ్గరి నీళ్లను సింగాడా (నీళ్లలో పెరిగే ఒక రకం కాయలు) సాగుకు గుత్తకిచ్చి, ఆ సొమ్మును సరస్సు నిర్వహణకు కేటాయించి, సాగు లోపలికి పాకకుండా నీళ్లలో మూడు రాతి గోపురాలను హద్దులుగా నిలిపించాడు. పోరుమామిళ్ల చెరువుకు రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పని చేశారని 1369 నాటి శాసనం చెబుతుంది. అంతటి చెరువు ఉన్న ఊరివాడిగా, ఈ గుత్త ఏర్పాటే నాకు వంతెనల కన్నా గొప్పగా తోచింది.

తర్వాతి కాలంలో మళ్లీ కట్టిన ఆ మూడు గోపురాల బొమ్మే ఒక యువాన్ నోటు వెనుక ఉంటుంది. నోటును పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాను గానీ, దానితో ఏదైనా కొనడమే కష్టమైంది. దుకాణదారులందరూ ఫోను చెల్లింపులకే అలవాటు పడ్డారు. వెళ్లేవారు ఆ ఏర్పాటు, అనువాదపు యాప్ ముందే సిద్ధం చేసుకోవాలి.

కట్ట ఎక్కడానికి టికెట్ లేదు. పడవకు మాత్రం రుసుము ఉంటుంది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన చోటు కాబట్టి రద్దీ తప్పదు. పది గంటలు దాటాక, బృందాలను నడిపించే గైడ్ల చేతిమైకుల మోతలో పిట్టల కూత కూడా వినబడలేదు. వంతెనల ఎగుడుదిగుళ్లు మోకాళ్ల నొప్పులున్నవారిని ఇబ్బంది పెడతాయి.

శాకాహారులకు భోజనం మరో చిక్కు. ఇక్కడ పేరుపడిన వంటకం సూ షి పేరుతోనే పిలిచే పంది మాంసపు కూర. ఒక హోటల్లో మాంసం వద్దని రెండుసార్లు చెప్పినా, కాయగూరల మీద మాంసపు తునకలు చల్లి తెచ్చారు. చివరికి ఇంటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడి, ఉత్త అన్నంతో ఆ పూట గడిచింది.

మళ్లీ వెళ్తే వసంతంలో, పీచ్ పూలు విచ్చే రోజుల్లో, తెల్లవారుతుండగానే దక్షిణపు కొస నుంచి బయలుదేరతాను. ఈ కట్టకు పేరు తెచ్చినదే వసంతపు వేకువ.