గ్రాడ్యుయేషన్ విందుకు ఏది మేలు: బ్రెజిలియన్ స్టేక్‌హౌసా, అమెరికన్ స్టేక్‌హౌసా?

మే నెల వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో గ్రాడ్యుయేషన్ సందడి మొదలవుతుంది. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య దిగుతారు, స్నేహితుల కుటుంబాలు కలుస్తాయి. ఆ రోజు భోజనానికి ఇండియన్ రెస్టారెంట్ వద్దు, ఏదైనా ప్రత్యేకంగా ఉండాలని పిల్లలు పట్టుబడతారు. అక్కడ సాధారణంగా రెండు పేర్లు వినిపిస్తాయి: బ్రెజిలియన్ స్టేక్‌హౌస్, లేదా తెల్లటి టేబుల్‌క్లాత్ పరిచిన అమెరికన్ స్టేక్‌హౌస్. స్టేక్ అంటే మందంగా కోసి కాల్చిన మాంసం ముక్క, ఎక్కువగా బీఫ్.

డాలస్‌లో బ్రెజిలియన్ పేరు ముందు వినిపించడానికి కారణం ఉంది. 1979లో బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో మొదలైన ఫోగో డి షావ్ అనే స్టేక్‌హౌస్ అమెరికాలో తన మొదటి శాఖను 1997లో డాలస్ పక్కనున్న ఆడిసన్‌లోనే తెరిచింది. మరుసటి ఏడాది టెక్సస్ డి బ్రెజిల్ అనే మరో స్టేక్‌హౌస్ కూడా ఆడిసన్‌లోనే పుట్టింది. దక్షిణ బ్రెజిల్ పచ్చిక మైదానాల్లో పశువులు కాసే గౌచోలు కల్లుప్పు అద్ది నిప్పుల మీద కాల్చుకునే మాంసమే ఈ వంటకు మూలం.

పద్ధతి ఇలా ఉంటుంది. మనిషికి ఒకే ధర. మీ ముందు ఒక గుండ్రటి అట్ట ఉంటుంది. ఆకుపచ్చవైపు పైకి పెడితే మాంసం గుచ్చిన పొడవాటి చువ్వలతో వడ్డించేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, ఎరుపువైపు తిప్పితే ఆగుతారు. అన్నిటికంటే ముందు అడగాల్సింది పికాన్యా. పశువు వెనకభాగపు పైకండ అది, ఒకపక్క మందంగా కొవ్వు పొర ఉంటుంది. దాన్ని అర్ధచంద్రాకారంగా వంచి చువ్వకు గుచ్చుతారు. వడ్డించే మనిషి చువ్వను నిలబెట్టి పైనుంచి కిందికి పల్చగా కోస్తుంటే, ఆ ముక్కను మీరే చిన్న పటకారుతో పట్టుకుని పళ్ళెంలోకి తీసుకోవాలి. అంచున ఉప్పు, కాలిన కొవ్వు కరకరలాడతాయి, లోపల రసం ఊరుతుంటుంది. పైపొర అయిపోగానే చువ్వ మళ్ళీ నిప్పుల మీదికి వెళ్తుంది.

మనవాళ్ళకు ఇందులో పెద్ద సౌకర్యం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ సరిగా చెప్పరు. మన పెద్దవాళ్ళలో చాలామందికి లోపల ఎర్రగా కనిపిస్తే మాంసం సహించదు. అమెరికన్ స్టేక్‌హౌస్‌లో రిబ్ ఐ అనే ఖరీదైన పక్కటెముకల దగ్గరి స్టేక్‌ని 'వెల్ డన్' (లోపలిదాకా బాగా కాల్చి) అని ఆర్డర్ చేస్తే తరచూ ఎండిపోయి వస్తుంది, డబ్బు దండగ. బ్రెజిలియన్ చోట ఆ తంటా లేదు. బాగా కాలిన పైపొర మామయ్యకు, దాని కింది ఎర్రటి ముక్క కొడుక్కి, అదీ ఒకే చువ్వ నుంచి.

బీఫ్ తినని ఇళ్ళ సంగతే అసలు చిక్కు. చువ్వల్లో సగానికి పైగా బీఫే ఉంటుంది. గొర్రె మాంసం, చికెన్ కూడా వస్తాయి, కానీ చికెన్‌కు కొన్నిచోట్ల బేకన్ (పంది మాంసపు పొర) చుట్టేస్తారు, అడిగి తీసుకోవాలి. ఎవరికి కావాల్సింది వాళ్ళే పెట్టుకునే సలాడ్ బల్ల దగ్గరున్న నల్ల బీన్స్ కూర, ఫెజ్వాడా, చూడటానికి శాకాహారంలా కనిపిస్తుంది గానీ అందులో పంది మాంసం ఉంటుంది. శాకాహారులకు సలాడ్ బల్ల మాత్రమే తక్కువ ధరకు ఇచ్చే శాఖలు చాలా ఉన్నాయి. మన సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పిండితో, చీజ్‌తో చేసే వేడివేడి పావ్ డి కేజో బన్నులు, వేయించిన అరటిపండు వాళ్ళకు బాగా నచ్చుతాయి. అయినా పక్క కుర్చీ దగ్గర బీఫ్ కోస్తుంటే ఇబ్బంది పడే అమ్మమ్మ ఉంటే మాత్రం ఆవిణ్ని అక్కడికి తీసుకెళ్ళొద్దు. ఎన్ని సలాడ్లు ఉన్నా ఆ రెండు గంటలూ ఆవిడకు టెన్షనే.

ఖర్చు చూద్దాం. బ్రెజిలియన్ డిన్నర్ ఊరును బట్టి మనిషికి సుమారు 60 డాలర్లు, లేదా అంతకు పైనే. డ్రింకులు, డెజర్టు, టాక్సు, టిప్పు అన్నీ వేరే. అమెరికన్ చోట మంచి స్టేక్ ఒక్కటే దాదాపు అంత ఉంటుంది, పైగా బంగాళాదుంప ముద్ద, పాలకూర లాంటివన్నీ విడివిడిగా కొనాలి. కాబట్టి బాగా తినే కుర్రాళ్ళున్న గుంపుకు బ్రెజిలియన్‌దే లాభం. చిన్న పిల్లలకు చాలా శాఖలు ఉచితంగానో సగం ధరకో పెడతాయి. రెండు చువ్వలకే చాలించే పెద్దవాళ్ళు ఎక్కువైతే లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు అమెరికన్ చోట ఒక స్టేక్ ఇద్దరు పంచుకోవడమే నయం.

అమెరికన్ స్టేక్‌హౌస్‌ను నేను తక్కువ చేయను. ఇద్దరే వెళ్ళే పెళ్ళిరోజుకు నా ఓటు దానికే. న్యూయార్క్‌లో 1887 నుంచి నడుస్తున్న పీటర్ లూగర్‌లో పోర్టర్‌హౌస్ అనే ఎముకతో ఉన్న పెద్ద స్టేక్‌ను ఇద్దరికని, ముగ్గురికని ఆర్డర్ చేస్తారు. వేడి పళ్ళెంలో కోసి తెచ్చిన ముక్కలు మధ్యలో పెట్టుకుని తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. బ్రెజిలియన్ చోట మాట మొదలెట్టగానే భుజం దగ్గరికి చువ్వ వస్తుంది. ఎర్ర అట్ట ఉన్నా ఆ హడావిడి పూర్తిగా తగ్గదు. ఒక్క ముక్కనే మెల్లగా ఆస్వాదించాలనుకునే వాళ్ళకు అది సరిపోదు.

గ్రాడ్యుయేషన్‌కు పదిమంది కలిసినప్పుడు మాత్రం బ్రెజిలియనే మేలంటాను. ఆర్డర్ కోసం మెనూ చదివి అర్థం చెప్పే పని లేదు, ధర చూసి నాన్నగారు మొహమాటపడి చవకది ఎంచుకునే బాధ లేదు. లంచ్‌కు వెళ్తే మనిషికి ధర తగ్గుతుంది. అయితే వారాంతాల్లో లంచ్ ధర అన్నిచోట్లా ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అప్పుడే బీఫ్ తిననివాళ్ళు ఎంతమందో, శాకాహారులు ఎంతమందో చెప్పి, నిప్పుల గదికి దూరంగా ఉన్న టేబుల్ అడగండి. అక్కడికి వెళ్ళాక మొదటి పావుగంట సలాడ్ బల్ల దగ్గర కడుపు నింపుకోవద్దని పిల్లలకు చెప్పండి. ముందు పికాన్యా, తర్వాత గొర్రె మాంసం, చివర్న దాల్చినచెక్క పొడి చల్లి కాల్చిన పైనాపిల్.