మా నాయన .32 రివాల్వరు: అమ్మి .22 రైఫిలు కొనాలా?

మా నాయన నుంచి నాకు వచ్చిన .32 రివాల్వరును అమ్మి, ఆ డబ్బుతో .22 రైఫిలు కొనుక్కుందామన్న ఆలోచన కొంతకాలంగా నన్ను వదలడం లేదు. లెక్క ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది మాత్రం ఒక్కచోటే, అది దీని ట్రిగ్గరు. తూటా అడుగున దెబ్బ కొట్టే హ్యామరును బొటనవేలితో వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గరు నొక్కితే, వేలి కింద కదలిక మొదలైన చోటు నుంచి, తూటాల గదులున్న సిలిండరు ఒక గది తిరిగి హ్యామరు పడేదాకా ఆ పట్టు ఒకే తీరుగా ఉంటుంది. మధ్యలో గరగర లేదు, చివర్లో ఒక్కసారిగా బిగుసుకోవడం లేదు. గురి చెదరకుండా వరుసగా కాల్చాలనుకునేవాడికి ఇంతకన్నా కావలసింది ఏముంటుంది? కాల్పుల సాధన చేసే రేంజిలో మిత్రుల రివాల్వర్లు, కొత్తవి కూడా, చేతిలోకి తీసుకుని చూశాను. ఈ సాఫీతనం వేటిలోనూ నాకు దొరకలేదు. ఆరు తూటాలు పట్టే, సిలిండరు పక్కకు తెరుచుకునే పాత విలాయతీ రివాల్వరు అని చెబితే చాలు, తక్కిన కొలతలు ఈ విషయంలో ఆసక్తి ఉన్నవారికి తెలిసినవే.

అనంతపురం జిల్లా పల్లెల్లో కక్షలు రగులుతున్న రోజుల్లో నాయన దీనికి లైసెన్సు తీసుకున్నారు. చీనీ తోటకు వెళ్ళేటప్పుడు నడుముకు ఉండేది. ఎవరి మీదా ఎక్కుపెట్టవలసిన అవసరం ఏనాడూ రాలేదు, అది మా కుటుంబానికి దేవుడిచ్చిన వరమనే నేను అనుకుంటాను. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉన్నా వారసునికి ఇచ్చేందుకు 2016 ఆయుధ నియమావళి వీలు కల్పిస్తుంది కనుక, ఆయన బతికి ఉండగానే అది నా పేరుకు మారింది. తాత కాలం నాటి జంట గొట్టాల 12 బోరు తుపాకీ అప్పటికే నా లైసెన్సులో ఉంది. ఒకరి దగ్గర మూడు ఆయుధాలు ఉండవచ్చన్న పాత పరిమితిని 2019 సవరణ చట్టం రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవాటికీ అదే లెక్క. కాబట్టి రైఫిలు ఇంట్లోకి రావాలంటే ఈ రెండిటిలో ఒకటి వెళ్ళాలి. తాత తుపాకీకి వచ్చే ధర స్వల్పం, అది రైఫిలు ఖర్చుకు ఏ మూలకూ చాలదు. మిగిలింది రివాల్వరు.

ధర విషయంలో దీనికి ఉన్న విలువను తక్కువగా చూడలేము. 1980ల తర్వాత మామూలు లైసెన్సుదారులకు విదేశీ ఆయుధాల దిగుమతి దాదాపు ఆగిపోవడంతో, అంతకు ముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతూ వస్తున్నాయి. 2014లో కాన్పూరు నుంచి వచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వరు ధర పన్నులతో కలిపి సుమారు 1.22 లక్షల రూపాయలు. నాయన రివాల్వరుకు డీలరు చెప్పిన మొత్తం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మొత్తంతో దేశంలో తయారైన .22 రైఫిలు, దానికొక మంచి టెలిస్కోపు, చాలాకాలానికి సరిపడా సాధన ఖర్చు అన్నీ తీరతాయి. అయితే ఒకసారి చేయి దాటిందంటే ఇలాంటిది మళ్ళీ కొనడం నా తాహతుకు మించిన పని అవుతుంది.

ఇక అసలు సంగతి. 2024 మార్చి 16న ఎన్నికల నియమావళి అమలులోకి రాగానే, ఎప్పటిలాగే రెండు ఆయుధాలనూ అప్పగించి రసీదు తీసుకున్నాను. మా సీమలో లైసెన్సుదారులకు ఇది అలవాటైన తంతు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు ముగిశాక ఆయుధాలు తిరిగి వచ్చాయి. ఇంత కాలం మూలన పడి ఉంది కదా అని, కొత్త తూటాల పెట్టె ఒకటి తీసుకుని, అనుమతి ఉన్న రేంజికి రివాల్వరును పట్టుకెళ్ళాను. మొదటి రెండు గుళ్ళు మామూలుగానే పేలాయి. మూడోసారి ట్రిగ్గరు ఎప్పటిలా సాఫీగా కదిలింది, హ్యామరు పడింది, "టక్" మన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి వెంటనే మళ్ళీ నొక్కకుండా, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి నిమిషం పాటు కదలకుండా నిలబడ్డాను. తర్వాత సిలిండరు తెరిచి చూస్తే ఆ తూటా అడుగున హ్యామరు పిన్ను చేసిన గుంట చాలా లోతు తక్కువగా ఉంది. పక్కనున్న ఖాళీ తొడుగుల మీద మాత్రం గుంటలు స్పష్టంగా దిగి ఉన్నాయి.

తూటాలోనే లోపమనుకోవడం సహజం. కానీ అదే తూటాను మళ్ళీ పెట్టి, ఈసారి హ్యామరును బొటనవేలితో పూర్తిగా వెనక్కి లాగి కాల్చితే పేలింది. హ్యామరు లాగి కాల్చిన ప్రతిసారీ పేలాయి. నేరుగా నొక్కి కాల్చినప్పుడు మాత్రం మధ్యమధ్య మొరాయించాయి. ఈ తేడాకు కారణం ఉంది. నేరుగా నొక్కినప్పుడు చాలా రివాల్వర్లలో హ్యామరు అంత దూరం వెనక్కి పోదు, దారి తక్కువ కనుక దెబ్బ కూడా ఆ మేరకు తగ్గుతుంది. స్ప్రింగు బలంగా ఉన్నంతకాలం ఈ తేడా బయటపడదు. బలం సరిహద్దు దాకా తగ్గినప్పుడు, దాన్ని ముందుగా బయటపెట్టేది ఈ నొక్కుడే.

మరమ్మతుకు లైసెన్సు ఉన్న దుకాణంలో ఒక పెద్దాయన పనిచేస్తారు. ఆయన పనితనం చూడడం ఒక పాఠం. పిడి చెక్కలు విప్పి, మరలు తీసి, పక్క పలకను దేనితోనూ పెకలించకుండా, స్క్రూడ్రైవరు చెక్క పిడితో చట్రం మీద మెల్లగా తట్టుతూ కూర్చున్నారు. కాసేపటికి పలక దానంతట అదే పైకి తేలింది. అలా కాకుండా అంచు కింద మొన పెట్టి లేపితే పలక వంగిపోతుందని, మళ్ళీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదని చెప్పారు. లోపల మీటల చుట్టూ పాత నూనె ఎండి, తేనె రంగులో గట్టి పొరగా పేరుకుని ఉంది. ఏళ్ళ తరబడి వాడకుండా నూనె మాత్రం పూస్తూ వస్తే జరిగేది ఇదే: నూనెలోని పలుచని భాగం ఆవిరైపోతుంది, మిగిలింది జిగురవుతుంది, హ్యామరు వేగాన్ని అది పట్టి లాగుతుంది. మా అనంతపురం ఎండలకు ఇనుప బీరువాలో ఉన్న ఆయుధం సంగతి చెప్పనక్కరలేదు. తోలు ఒరలో ఉంచిన చోట గొట్టం మీద సన్నని తుప్పు చారలు కూడా ఉన్నాయి.

కిరోసిన్‌తో కడిగి, తుడిచి, అవసరమైన చోట్ల ఒక్కొక్క బొట్టు పలుచని నూనె వేసి బిగించబోయే ముందు ఆయన ఆగి, పిడి ముందు వైపు, కింది భాగంలో ఉన్న చిన్న మరను చూపించారు. "నూనె ఒక్కదాంతో పోయేది కాదు సార్, ఇదో ఈ మర చూడండి" అన్నారు. హ్యామరును నెట్టే ఆకు స్ప్రింగును వంచి బిగువుగా పట్టి ఉంచేది ఆ మరే. అది పూర్తిగా దిగి ఉండాలి. మాదాంట్లో చాలా చుట్లు వెనక్కి తిప్పి ఉంది.

ఇంటికి వచ్చి నాయనను అడిగితే ఆయన దాచలేదు. "వేళ్ళు పట్టు తప్పినాయి, నొక్కేకి కాలేదు, అందుకే వదులు చేయించినా" అన్నారు. ఆ మాట విన్న తర్వాత నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. ఆయన ధైర్యం కోసం దగ్గర పెట్టుకున్న ఆ ఆయుధం, నిజంగా ఆపద వచ్చి ఉంటే, మొదటి నొక్కుకు పేలేదో లేదో. రివాల్వరులో ఒక తూటా పేలకపోతే మళ్ళీ నొక్కితే తర్వాతి గది వస్తుంది, పిస్టలులా పైభాగాన్ని వెనక్కి లాగవలసిన పనిలేదు అన్న మాట నిజమే. కానీ అది తూటాలో లోపం ఉన్నప్పటి సంగతి. దెబ్బలోనే బలం లేకపోతే తర్వాతి గది మీద ఉన్న నమ్మకమూ అంతంత మాత్రమే.

మరను పూర్తిగా దించి బిగించాక, పెట్టెలో మిగిలిన తూటాలన్నీ నేరుగా నొక్కి కాల్చాను. ఒక్కటి కూడా మొరాయించలేదు. ట్రిగ్గరు మాత్రం బరువెక్కింది. కాబట్టి పైన నేను దాని గురించి రాసిన మాటలను కొంత సరిచూసుకుని చదవాలి. గరగర లేకపోవడం, చివర్లో బిగుసుకోకపోవడం ఆ మీటలను చేత్తో నునుపు పెట్టిన పనివాళ్ళ గొప్పతనమే, అది ఇప్పటికీ అలాగే ఉంది. ఆ తేలికదనంలో ఎక్కువ భాగం మాత్రం వదులైన మర పుణ్యం. ఇప్పుడున్న బరువుతో వరుసగా ఆరు కాల్చాక నా వేలికి అలసట తెలుస్తోంది, గురి కూడా మునుపటి అంత దగ్గరగా పడడం లేదు. మిత్రుల రివాల్వర్లకూ దీనికీ మధ్య తేడా ఇంకా ఉంది, కానీ నేను చెబుతూ వచ్చినంత తేడా కాదు.

రైఫిలు వైపు ఆలోచన గట్టిపడింది అప్పటినుంచే. రేంజిలో వారి .22 బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో తెరిచి మూసే) రైఫిలుతో, వారి పర్యవేక్షణలో, కాగితం మీది లక్ష్యాన్ని 50 మీటర్ల నుంచి కాల్చుతూ వస్తున్నాను. దాని ట్రిగ్గరు, నిజం చెప్పాలంటే, నాయన రివాల్వరు ముందు మొద్దు. బోల్టు తెరిచేటప్పుడు చివర్లో పట్టేస్తుంది కూడా. అయినా భుజానికి తన్ను లేదు, చెవులకు పెద్ద మోత లేదు, తూటా ధర .32తో పోలిస్తే చాలా తక్కువ. ఒక పూట మొత్తం పడుకుని కాల్చినా మళ్ళీ కాల్చాలనే అనిపిస్తుంది. శ్వాస విడిచి ఆపిన క్షణంలో వేలు కదిలిందా లేదా అన్నది కాగితం మీది రంధ్రం వెంటనే చెప్పేస్తుంది. లాకరులో ఉన్న ఆయుధం నేర్పనిది ఇది నేర్పుతోంది. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది, 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు కనుక ఆ పని సులభంగా మొదలైంది. నేను కొనబోయే రైఫిలు ఆమెకు కూడా పనికొస్తుందని ఇంట్లో అనుకుంటున్నారు కానీ, నా లైసెన్సు మీద ఉన్నది నాకే. ఆమెకు కావాలంటే ఆమె లైసెన్సు ఆమె తెచ్చుకోవాలి.

నాకు అడ్డం పడుతున్నవి రెండు. మొదటిది రేంజి దూరం. అనంతపురానికి బెంగళూరు దగ్గర, కానీ నా లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతుంది కనుక సొంత ఆయుధంతో రాష్ట్రం దాటాలంటే వేరే అనుమతి కావాలి. తరచుగా వెళ్ళలేకపోతే రైఫిలు కూడా లాకరులో రివాల్వరు చోటును ఆక్రమించి కూర్చుంటుంది, దాని మీటల్లోనూ నూనె ఎండుతుంది. రెండోది అమ్మకం వరుస. ఆయుధాల చట్టం ప్రకారం, కొనేవారి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకనే ఆయుధం చేతులు మారాలి. కొనేవారి లైసెన్సులో దానికి చోటు ఉండాలి. అమ్మితే గానీ నా లైసెన్సులో ఖాళీ రాదు. ఖాళీ వచ్చాక రైఫిలుకు అనుమతి ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరూ మాట ఇవ్వలేరు. ఆ మధ్యకాలంలో నా చేతిలో ఉండేది డబ్బు, తాత తుపాకీ మాత్రమే.

నాయన అభిప్రాయం అడిగాను. "నీ చేతికి ఏది పనికొస్తే అది పెట్టుకో" అన్నారు, అంతకు మించి ఒత్తిడి చేయలేదు. ఊళ్ళో వ్యాపారం ఉండి, రాత్రివేళ డబ్బుతో తిరగవలసిన వారికైతే, చేతులు బలంగా ఉండి ఏడాదికి కొన్నిసార్లైనా కాల్చి చూసుకునే ఓపిక ఉంటే, ఇలాంటి రివాల్వరును అమ్మవద్దనే చెబుతాను. నా పరిస్థితి అది కాదు. నా ఉద్దేశం ప్రస్తుతానికి ఇది: వచ్చే చలికాలమంతా రేంజి వారి రైఫిలుతోనే సాధన చేస్తాను. వెళ్ళడం కుదురుతూ ఉంటే 45 రోజుల నోటీసు ఇస్తాను, కుదరకపోతే రివాల్వరు నా దగ్గరే ఉంటుంది. అడుగుతున్నవారు ఇప్పటికే ఉన్నారు. వారిలో ఎవరు కొన్నా, బేరం కుదిరే ముందే మర సంగతి, తుప్పు చారల సంగతి చెప్పి, రేంజికి తీసుకెళ్ళి ఆరు తూటాలు హ్యామరు లాగకుండా నేరుగా నొక్కి కాల్చిన తర్వాతే డబ్బు మాట ఎత్తమంటానని డీలరుకు కూడా చెప్పి ఉంచాను.