పెన్‌గంగ నుంచి తుంగభద్ర దాకా: రన్నర్లకు 44వ నంబరు రహదారి ఎలా ఉంటుంది

తెలంగాణను ఒక అంచు నుంచి మరో అంచు దాకా పరుగున దాటాలనుకునే వారికి 44వ నంబరు జాతీయ రహదారిని మించిన సూటి దారి లేదు. మహారాష్ట్ర సరిహద్దులో పెన్‌గంగ వంతెన దిగి రాష్ట్రంలో అడుగుపెట్టే ఈ రోడ్డు ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్, హైదరాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా సాగి, కర్నూలు ఎదుట తుంగభద్ర వంతెన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తుంది. మధ్యలో సోన్ దగ్గర గోదావరినీ, బీచుపల్లి దగ్గర కృష్ణనూ దాటుతుంది. మొత్తం దూరం ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. కొన్ని శీతాకాలాలుగా నేను ఈ దారిని ఒక్కోసారి ముక్కలుగానూ, ఒక్కోసారి ఏకబిగినా పరుగెత్తుతూ వస్తున్నాను. షూల మీదా నీళ్ల సంచుల మీదా సమీక్షలు కావలసినన్ని దొరుకుతాయి కానీ, రన్నర్ల కోసం ఒక రోడ్డును సమీక్షించడం అరుదు గనుక ఈ ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది చాలా మంచి దారి. అయితే నాలుగు వరుసల రోడ్డునే చివరిదాకా పట్టుకుని పోయేవారికి కాదు, ఊరు వచ్చిన ప్రతిచోటా బైపాస్‌ను వదిలి ఊళ్లోకి వెళ్లే పాత రోడ్డు ఎక్కేవారికి.

నంబర్లు మార్చక ముందు ఇది ఏడో నంబరు రోడ్డు. పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. రోడ్డును నాలుగు వరుసలు చేసినప్పుడు ఆదిలాబాద్, ఆర్మూర్, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, కొత్తకోట వంటి ఊళ్లను పక్కకు తప్పించి బైపాస్‌లు వేశారు. వాహనాలకు అది మేలే. కాళ్ల మీద వెళ్లేవారికి మాత్రం బైపాస్ అంటే చెట్టు లేని, కొళాయి లేని, మందుల దుకాణం లేని నాలుగైదు కిలోమీటర్ల తారు. గంటకు అర లీటరుకు తక్కువ కాకుండా నీళ్లు తాగవలసిన మనిషికి, మిట్టమధ్యాహ్నం అలాంటి నాలుగైదు కిలోమీటర్లు తర్వాతి పదిహేను కిలోమీటర్ల ఓపికను తినేస్తాయి. పాత రోడ్డు కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఎక్కువైనా, దాని పక్కన వేపచెట్లుంటాయి, ఇడ్లీ బండ్లుంటాయి, మరుగుదొడ్లున్న ఆర్టీసీ బస్టాండు ఉంటుంది. మహిళా రన్నర్లకు ఈ చివరిది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర లేదు.

మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆదిలాబాద్ నుంచి నిర్మల్ దాకా ఉన్న దాదాపు ఎనభై కిలోమీటర్లు. గుడిహత్నూర్ దాటాక రోడ్డు ఎత్తుపల్లాలుగా సాగుతుంది. ఇచ్చోడ, నేరడిగొండ పరిసరాల్లో టేకు అడవి రోడ్డుకు దగ్గరగా వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యేది ఈ ప్రాంతంలోనే కాబట్టి, పొద్దున్నే చేతి తొడుగులు, చెవులు మూసే టోపీ తప్పవు; తొమ్మిది గంటలకల్లా రెండూ సంచిలోకి చేరతాయి. అదే పత్తి ఆదిలాబాద్ మార్కెట్‌కు చేరే కాలం కూడా. పత్తి నింపుకుని పక్కలకు పొంగినట్టు ఉబ్బిన బండ్లు రోడ్డు అంచును ఆక్రమించుకుని నెమ్మదిగా నడుస్తాయి. వాటిని దాటబోయే లారీలు మన వైపు జరుగుతాయి. ఇక్కడ చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తడం ప్రాణాంతకమని గట్టిగా చెబుతున్నాను. పెన్‌గంగ అవతలి టిప్పేశ్వర్ అభయారణ్యం నుంచి పులులు ఆదిలాబాద్ పల్లెల వైపు రావడం అందరికీ తెలిసిందే. అందుచేత ఈ భాగంలో పూర్తిగా తెల్లవారాక మొదలుపెట్టి చీకటి పడక ముందే ఆపాలి. రాత్రి పరుగు దక్షిణాన చాలినంత చేయవచ్చు.

నిర్మల్‌కు ముందు మహబూబ్ ఘాట్ మీదుగా దిగే పాత రోడ్డు ఈ ప్రయాణంలో మకుటం లాంటిది. ఉత్తరం నుంచి వచ్చేవారికి అది దిగుడు. మలుపులు ఎక్కువ, నీడ ఎక్కువ. అయితే దిగుడు సుఖంగా ఉందని కాళ్లను వదిలేస్తే తొడల ముందరి కండరాలు మరునాడు మెట్లు దిగనివ్వవు. చిన్న అడుగులు వేస్తూ, మధ్యమధ్య నడుస్తూ దిగినవారికే సోన్ వంతెన మీద గోదావరిని చూసే ఓపిక మిగులుతుంది.

ఇక్కడ రోడ్డు వాలు గురించి వివరంగా చెప్పాలి. చాలామంది మోకాళ్లు పాడయ్యేది దూరం వల్ల కాదు, దీనివల్లే. వాననీరు నిలవకుండా తారు రోడ్డును బయటి అంచు వైపు నూటికి రెండు, రెండున్నర పాళ్లు వాలుగా వేస్తారు. కారులో కూర్చున్నవారికి అది తెలియదు. ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ పరుగెత్తడమే క్షేమం కాబట్టి మనం కుడివైపు అంచునే ఉంటాం. వాలు మన కుడికి ఉంటుంది. అంటే గంటల తరబడి కుడి కాలు ఎడమ కాలి కన్నా కాస్త పల్లంలో పడుతుంది. నా షూలను తిరగేసి చూస్తే కుడి షూ మడమ ఒక వైపున రబ్బరు పూర్తిగా అరిగి లోపలి తెల్లటి నురుగు పొర బయటపడింది. ఎడమ షూ అదే చోట ఇంకా గళ్లు గళ్లుగా ఉంది. మూడో రోజుకల్లా కుడి మోకాలి బయటి పక్కన సన్నగా మొదలయ్యే నొప్పికి మూలం అదే. దీనికి మందు కన్నా విరుగుడు మేలు. సర్వీసు రోడ్డు కనిపించిన ప్రతిచోటా దాని నడిమధ్యకు మారడం, ఊళ్లోని పాత రోడ్డు మీద వాహనాలు లేని చోట ఎడమ అంచుకు వెళ్లి కాసేపు వాలును తిరగేయడం, గంటకు పది నిమిషాలు తప్పనిసరిగా నడవడం. బైపాస్‌లు వదలమనడానికి నీడ ఒక కారణమైతే, ఇది రెండోది.

గోదావరి దాటాక బాల్కొండ, ఆర్మూర్, డిచ్‌పల్లి, కామారెడ్డి. ఆర్మూర్ చుట్టూ ఉన్న గుండ్ల గుట్టలూ, రోడ్డుకు రెండు వైపులా పసుపు చేలూ, ఎర్రజొన్న చేలూ కంటికి విశ్రాంతినిస్తాయి. ఈ పల్లెల్లో ఆగితే మనుషులు వదిలిపెట్టరు. ఒక ఊరి బస్‌స్టాప్ దగ్గర మక్క కంకులు కాలుస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "గిట్ల ఉర్కుతున్నవేంది బిడ్డా, ఎవలన్న ఎంటవడ్డరా? జర కూసో, నీళ్లు తాగు" అని స్టూలు జరిపింది. పైసలిస్తే తీసుకోలేదు. కామారెడ్డి నుంచి మేడ్చల్ దాకా కంటికి కనిపించని ఎక్కుడు ఉంటుంది. నదుల దగ్గర మూడు వందల మీటర్ల ప్రాంతంలో ఉన్న నేల, హైదరాబాద్ పీఠభూమికి చేరేసరికి ఐదు వందల మీటర్లు దాటుతుంది. గడియారంలో వేగం తగ్గుతూ కనిపిస్తే అలసటే కారణమని కంగారు పడకూడదు, రోడ్డే ఎక్కుతోంది.

మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా సుమారు యాభై కిలోమీటర్ల నగర భాగానికి నేను మంచి మార్కులు వేయలేను. కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి, ఆరాంఘర్ అన్నీ ఫ్లైఓవర్లూ తవ్వకాలూ పొగా. తెల్లవారుజామున మూడింటికి మేడ్చల్‌లో బయలుదేరితే, ఆఫీసుల రద్దీ మొదలయ్యేలోగా ట్యాంక్‌బండ్ దాటవచ్చు. అది ఇష్టం లేనివారు కండ్లకోయ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకుని పడమర చుట్టి శంషాబాద్ చేరవచ్చు. దూరం పెరుగుతుంది, ఊపిరి మిగులుతుంది. అవుటర్ ప్రధాన రోడ్డు మీద పాదచారులకు అనుమతి లేదు.

శంషాబాద్ దాటాక పరిస్థితి మారుతుంది. ఇక్కడి నుంచి కృష్ణ దాకా మొత్తం మీద దిగుడే. షాద్‌నగర్ తర్వాత వచ్చే బాలానగర్ సీతాఫలాలకు పేరున్న ఊరు. ఆ ఊరి పేరుతోనే ఒక రకం దేశమంతటా సాగవుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రోడ్డు పక్కన గంపల్లో అమ్ముతారు. మెత్తగా పండిన కాయ రెండు చేతులతో విప్పుకుని తింటే, మార్కెట్లో దొరికే తియ్యటి జెల్ ప్యాకెట్ల కన్నా కడుపుకు సుఖం. గింజల వల్ల ఆగక తప్పదు, అదీ మంచిదే. జడ్చర్ల నుంచి అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దాకా భూమి బయలు. చెట్లు తక్కువ. దక్షిణానికి పోతున్నవారికి శీతాకాలపు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటాడు. వెనక మెడ కప్పే గుడ్డ కన్నా ముందుకు పొడుచుకు వచ్చిన అంచున్న టోపీ ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ భాగాన్ని నేను తెల్లవారుజాముకూ సాయంత్రానికీ పంచుకుని, మధ్యలో నాలుగు గంటలు ఏదో ఒక ధాబా మంచం మీద పడుకుంటాను. బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి దగ్గర కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోవడం మాత్రం వాయిదా వేయకూడదు, అయితే పాదాలకు పొక్కులుంటే నదిలో దిగవద్దు.

తిండి విషయంలో ఈ దారికి సాటి లేదు. ఉత్తరాన జొన్న రొట్టె, దారిపొడవునా ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండ్లు, ఉడికించిన పల్లీలు. నీళ్లలో ఉప్పు సంగతే జాగ్రత్తగా చూసుకోవాలి. చెమటతో పోయిన ఉప్పు భర్తీ కాకుండా ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుడు, వాంతులు, కొన్నిసార్లు ప్రాణాపాయం కూడా కలుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొడిలో లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ ఉంటాయి. ప్యాకెట్ మీద ఈ అంకెలు చూసి కొనాలి. ఆ పేరు పెట్టుకుని చక్కెర ఎక్కువా ఉప్పు తక్కువా ఉన్న పానీయాలు ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ చేసిన సుదీర్ఘ పోరాటం తర్వాత 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఎండలో రోజుల తరబడి పరుగెత్తే మాలాంటివారు ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాం.

పాదాల గురించి కొద్దిగా. మూడో రోజు నుంచి పాదాలు వాస్తాయి కాబట్టి మామూలు కొలత కన్నా ఒక సైజు పెద్ద షూ ఒక జత, మామూలు సైజు ఒక జత తీసుకెళ్లాలి. రోజు మధ్యలో మార్చుకుంటే ఒరుసుకునే చోటు మారుతుంది. ఏ వేలికి ఆ వేలు విడిగా ఉండే సాక్సులు వేళ్ల మధ్య పొక్కులను చాలావరకు ఆపుతాయి. పొక్కు పుట్టకముందే, ఆ చోట వేడిగా అనిపించగానే ఆగి జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్ అతికించాలి. ఊరు వచ్చాక చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. నటుడు మిలింద్ సోమన్ 2016లో అహ్మదాబాద్ నుంచి ముంబైకి ఇంచుమించు ఇంతే దూరం, 527 కిలోమీటర్లు, ఒట్టి కాళ్లతో పరుగెత్తారు. ఆయన ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్న పాదాలవి. ఈ రోడ్డు అంచున పగిలిన గాజూ టైర్ల ఇనుప తీగలూ ఎంతగా ఉంటాయో చూసినవాడిగా, ఇక్కడ దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

వెంట కారు ఉండాలా అన్నది తరచూ అడిగే ప్రశ్న. రెండు విధాలా చేశాను. మా మేనల్లుడు బండి నడుపుతూ ప్రతి పది కిలోమీటర్లకు ఆగి ఎదురుచూసినప్పుడు వేగం పెరిగింది, మోయాల్సిన బరువు తగ్గింది. కానీ కారు దగ్గరకు చేరడమే పనైపోయి, ఊళ్లలో ఆగడం తగ్గిపోయింది. ఒంటరిగా ఐదు కిలోల సంచితో వెళ్లినప్పుడు రోజుకు పది కిలోమీటర్లు తగ్గినా దారి ఎక్కువ దక్కింది. ఒంటరిగా వెళ్లేవారికి బస ఒక్కటే చిక్కు. బండి లేకుండా, చెమటతో తడిసి, రాత్రి ఎనిమిదింటికి వచ్చిన మనిషికి గది లేదని హైవే పక్కన ఒక లాడ్జి నన్ను పంపించేసింది. ఊరి బస్టాండు దగ్గరి లాడ్జిల్లో అలాంటి ఇబ్బంది ఎన్నడూ ఎదురు కాలేదు. ముందే ఫోన్ చేసి పరుగు సంగతి చెప్పి గది ఖాయం చేసుకోవడం మేలు. మొదటిసారి చేసేవారు కారు సాయంతోనే చేయాలని, రోజుకు యాభై కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దని నా సలహా. అంతకుముందు ఆరు నెలలు వరుసగా వారాంతాల్లో రెండు రోజులూ పాతిక, ముప్పై కిలోమీటర్లు పరుగెత్తి అలవాటు లేనివారు ఈ దారి మొత్తం పెట్టుకోకుండా, ఆదిలాబాద్, నిర్మల్ మధ్య మూడు రోజుల ముక్కతో మొదలుపెట్టాలి.

నవంబరు చివరి నుంచి జనవరి చివరి దాకా తప్ప మరే కాలంలోనూ దీన్ని తలపెట్టవద్దు. దిశ కూడా ఉత్తరం నుంచి దక్షిణానికే ఉండాలి. అడవీ చలీ ముందు, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే అయిపోతాయి, అలసిన కాళ్లకు శంషాబాద్ తర్వాతి దిగుడు దక్కుతుంది. చివర పుల్లూరు టోల్‌ప్లాజా దాటాక తుంగభద్ర వంతెన మీద అంచు ఇరుకు, గాలి జోరు. అక్కడ పరుగు ఆపి ఒకరి వెనక ఒకరుగా నడవండి. అవతలి ఒడ్డున కర్నూలులో హైదరాబాద్‌కు బస్సులూ రైళ్లూ ఉంటాయి. ఒక పూట మిగిలితే అలంపూర్ చౌరస్తా దగ్గర ఆటో ఎక్కి జోగులాంబ గుడికి వెళ్లి రండి. అక్కడికి పరుగెత్తనవసరం లేదు.