తినడానికే వెళితే కోనసీమ ఎలా ఉంటుంది?

కోనసీమకు కొబ్బరి తోటల కోసం, పడవ షికార్ల కోసం వెళ్ళేవారు చాలామందే ఉంటారు. మేము మాత్రం పూర్తిగా తిండి కోసమే బయలుదేరాం. మాఘమాసం అందుకు బాగా కుదిరింది. ఎండ ఇంకా ముదరలేదు, లేత పనసకాయలు సంతకు వస్తున్నాయి. అయితే పులస మీద ఆశ పెట్టుకుని ఆ రోజుల్లో వెళ్ళకండి. అది వరద నీటికి ఎదురీది సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా కాలంలో తాజా పులస పులుసని ఎవరైనా వడ్డిస్తే అది ఎక్కడి చేపో అడిగి మరీ తినండి.

రాజమహేంద్రవరంలో స్టేషనుకు దగ్గరలోని ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. భోజనం ఊసు లేదు, తెల్లవార్లూ రైలు కూతలే. రైలు దిగి నడుం వాల్చడానికైతే చాలు, అంతకుమించి అక్కడ ఉండనక్కర లేదు.

పొద్దున్నే ధవళేశ్వరం వెళ్ళి, అక్కడ గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం చూశాం. తిండి యాత్రలో ఆనకట్టతో పనేమిటని అనిపించవచ్చు. 1830లలో కరువుతో, 1839లో ఉప్పెనతో కుదేలైన డెల్టా ఇది. 1847లో మొదలై 1852కు పూర్తయిన ఆనకట్ట, దాని కాలువలు వచ్చాకే ఇక్కడ వరి ఇంతగా పండింది. ఇక్కడి వంటలో బియ్యం ఎన్ని రూపాలు ఎత్తుతుందో చూసినప్పుడల్లా నాకు ఆ కాలువలే గుర్తొచ్చాయి.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి కాలువ గట్టు వెంట సాగితే ఆత్రేయపురం. మామూలుగా అందరూ రోడ్డు పక్క కొట్ల దగ్గర కారు ఆపి పూతరేకుల పెట్టెలు కొనుక్కుని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి, ఊళ్ళోకి వెళ్ళండి. ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే పొయ్యి ముందు కూర్చుని రేకులు తీస్తుంటారు. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. నున్నని కుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలా పల్చగా ఉంటుంది. అందులో పలుచని గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఒక్కసారి లాగుతారు. చుయ్‌మన్న చప్పుడు, కాస్త ఆవిరి, అంతలోనే అంచు లేచిన రేకు వేళ్ళలోకి వస్తుంది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అవతలి మనిషి కనిపిస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే అతుక్కుపోతుంది. కాబట్టి ఒక చెయ్యి ఆకులు ఎగదోస్తూనే ఉండాలి. ఆ సెగకు ఎదురుగా పూటంతా కూర్చోవడం మాటలు కాదు.

ఆ రేకులను కొట్లవాళ్ళు కొనుక్కుని, తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతలు వేస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవంలో పెద్ద వాటా రేకు తీసే చేతిదేనని నా నమ్మకం. అందుకే అక్కడ బేరం ఆడడం నాకు నచ్చదు. దారిలో ఒకచోట చవకగా వస్తున్నాయని కొన్న పెట్టెలో నెయ్యికి బదులు డాల్డా వాసన వచ్చింది. నెయ్యి వాసన చూసి, ఒకటి రుచి చూసి కొనండి. జీడిపప్పు, బాదం కూరినవాటి కన్నా ఉత్త బెల్లం, నెయ్యి వేసినదే నాకు మేలు అనిపించింది. రేకు రుచి తెలిసేది అందులోనే.

బసకు ఒక పల్లెలో, కాలువ పక్కనున్న పెంకుటిల్లు దొరికింది. స్నానాల గది పెరట్లో ఉంది, సాయంత్రమైతే దోమలు, ఫోను సిగ్నలు అంతంతమాత్రం. ఆ ఇబ్బందులన్నీ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చోగానే పక్కకు పోయాయి. కందాబచ్చలి, ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి, అన్నిటికీ మించి పనసపొట్టు కూర. పొట్టు కొట్టడం దగ్గర నుంచి ఇంటావిడ పక్కనే ఉండి చూశాను. చేతికి, కత్తికి నూనె రాసుకుని ఆవిడ కాయను సన్నగా తరుగుతుంటే కత్తి చప్పుడు వీధిలోకి వినిపించింది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించారు. నూరిన ఆవముద్ద మాత్రం పక్కనే గిన్నెలో ఉండిపోయింది. ఎప్పుడు వేస్తారని అడిగాను.

“పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కిపోతుందమ్మా. దించి, వేడి కాస్త తగ్గాక కలపాలి. ఘాటు ముక్కుకు తగలాలి కదండీ!” అన్నారు.

తగిలింది. హోటళ్ళలో తిన్న పనసపొట్టుకు, దీనికి ఉన్న తేడా అంతా ఆ ఆగడంలోనే ఉంది. గది అద్దెలోనే భోజనం కలిపారు, వడ్డించడంలో లెక్క చూడలేదు.

ఈ సీమకు పెట్టే చేయి కొత్త కాదు. పి.గన్నవరం అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు ఉంది. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆవిడ, లంకల గన్నవరంలో తమ ఇంటికి ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టారు. కాలువ నీటిని గోదావరి పాయ దాటించి అవతలి పొలాలకు చేర్చే కట్టడానికి అన్నదాత పేరు పెట్టినవారికి నమస్కరించాలనిపించింది.

అక్కడి నుంచి అంబాజీపేట దగ్గరే. పొద్దుటి పూట చేరేలా చూసుకోండి. పనసాకులు కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు ఆలస్యమైతే అయిపోతాయి. ఆకు ఒలిచి, వేడివేడిగా అల్లం పచ్చడితో తినాలి. కూర్చోవడానికి సరైన చోటు లేకపోయినా సరే, పొట్లం కట్టించుకోవద్దు, చల్లారితే పనసాకు వాసన పోతుంది.