జాగ్రత్త: సైకిల్ కోసం చవక 4కె కెమెరా కాంబో కొనేవాళ్లకి

మొన్న ఆదివారం పొద్దున ఆరు దాటిందో లేదో, హైదరాబాద్‌లో గండిపేట వైపు సైకిల్ మీద వెళ్తుంటే వెనక నుంచి వచ్చిన ఒక తెల్ల కారు అద్దం నా కుడి మోచేతికి తగిలింది. రోడ్డు పక్క మట్టిలో పడ్డాను. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. కారు ఆగలేదు. లేచి నేను మొదట చూసింది హ్యాండిల్ మీదున్న కెమెరానే. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. హమ్మయ్య, మొత్తం రికార్డయి ఉంటుందిలే అనుకున్నాను.

ఇంటికొచ్చి కార్డు లాప్‌టాప్‌లో పెడితే ఆ ఫైలు తెరుచుకోలేదు. దాని ముందు ఫైలు కూడా అంతే. బయల్దేరిన కొత్తలో రికార్డయిన రెండు ఫైళ్లు మాత్రం ఆడాయి. వాటిలో నన్ను దాటి వెళ్లిన బండ్ల నంబర్లు చూద్దామని ఆపి ఆపి చూశాను. ‘టీజీ’ వరకు తెలుస్తోంది. తర్వాత ఉన్నది 3నా, 6నా, 8నా ఎంత కళ్లు చికిలించినా తేలలేదు.

ఈ పోస్టు ఎందుకంటే, నేను కొన్నలాంటి కాంబోనే మా రైడింగ్ గ్రూపులో ఇంకో ఇద్దరు కార్టులో పెట్టుకుని ఉన్నారు. ఆన్‌లైన్‌లో రూ. 3,499కి కొన్నాను. కెమెరా, నీళ్లు పోని కేసు, సైకిల్ హ్యాండిల్‌కి బిగించే క్లాంపు, 64 జీబీ కార్డు, ఇంకా ఓ డజను ప్లాస్టిక్ ముక్కలు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘4కె అల్ట్రా హెచ్‌డీ’. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే అదే వస్తువు పది పేర్లతో అమ్ముతున్నారు. ఒక పేరు గుర్తుపెట్టుకుంటే మిగతా తొమ్మిదీ మనల్ని ముంచుతాయి. లక్షణాలు గుర్తుపెట్టుకోండి.

మొదట ఆ 4కె సంగతి. 4కె ఫ్రేము అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల చుక్కలు (పిక్సెళ్లు). 1080పీ అంటే సుమారు 21 లక్షలు. ఈ చవక కెమెరాల్లో చాలావాటిలో లోపలి సెన్సార్‌కి అన్ని చుక్కలు పట్టే శక్తే ఉండదు. చిన్న బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె ఫైలుగా రాసేస్తుంది. ఫైలు సైజు పెరుగుతుంది కానీ వివరం పెరగదు. స్పెసిఫికేషన్లలో ‘ఇంటర్‌పొలేటెడ్’ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అర్థం ఇదే.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఒక తెలుగు దినపత్రిక పేజీని గోడకి అతికించి, కెమెరాని రెండు మీటర్ల దూరంలో స్టూలు మీద కదలకుండా పెట్టండి. ముందు 1080పీలో, తర్వాత 4కెలో పది సెకన్ల చొప్పున తీయండి. రెండింటినీ కంప్యూటర్‌లో పెద్దవి చేసి హెడ్డింగుల్లోని ఒత్తులు చూడండి. నిజమైన 4కె అయితే 1080పీలో అలుక్కుపోయిన క్రావడి, యావత్తు 4కెలో విడివిడిగా తేలతాయి. నా దాంట్లో రెండూ ఒకేలా అలుక్కుపోయాయి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో కోడెక్ సమాచారం, అంటే ఫైలు సాంకేతిక వివరాలు తెరిస్తే ఇంకో సంగతి కూడా బయటపడింది. డబ్బా మీద 4కె సెకనుకి 30 ఫ్రేములని ఉంది, వచ్చింది 15. ఈ పరీక్ష కెమెరా అందిన రోజే చేయండి. నేను చేసింది పడిపోయాక, అప్పటికి రిటర్న్ గడువు ఏడు రోజులూ దాటిపోయాయి.

అయినా నంబరు ప్లేటు కనబడకపోవడానికి అసలు కారణం చుక్కలు తక్కువ కావడం ఒక్కటే కాదు. తెల్లవారుజామున వెలుతురు తక్కువ. అప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సమయంలోనే మన హ్యాండిల్ వణుకుతుంది, పక్క బండి కదిలిపోతుంది. అంకెలు చారలైపోతాయి. కాబట్టి మనలాంటి వాళ్లకి కావాల్సింది నిజమైన 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు, పనిచేసే స్టెబిలైజేషన్, అంటే వీడియోలో వణుకు తగ్గించే ఏర్పాటు. ఆ మూడూ ఉంటే 4కె లేకపోయినా ఫర్వాలేదు. కొనేముందు అమ్మేవాడు పెట్టిన వీడియో కాదు, ఎవరైనా మామూలు మనిషి మన రోడ్ల మీద పొద్దున్నే సైకిల్‌కి బిగించి తీసిన వీడియో వెతికి చూడండి.

ఇక కార్డు. నాకు జరిగిన అసలు నష్టం దీనివల్లే. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, లినక్స్ వాడేవాళ్లకి ఎఫ్3. కార్డు నిండా రాసి, తిరిగి చదివి, నిజంగా ఎంత పడుతోందో చెబుతుంది. 64 జీబీ అని ముద్రించిన నా కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీకి కొంచెం తక్కువ. మిగతాదంతా దొంగ లెక్క. ఇలాంటి కార్డు నిండినా ‘నిండింది’ అని చెప్పదు. కెమెరా రాస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, రాసింది మాత్రం ఎక్కడా ఉండదు. కాంబోతో వచ్చిన కార్డుని ఎట్టి పరిస్థితుల్లోనూ నమ్మకండి. పేరున్న కంపెనీది, వీ30 గుర్తున్నది (వీడియో రాసేంత వేగం ఉందని చెప్పే గుర్తు), బిల్లుతో కొనండి. కొన్నాక దాన్నీ ఇలాగే పరీక్షించండి.

గడియారం కూడా చూసుకోండి. బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ నా కెమెరా తేదీ వెనక్కి పోయేది. తప్పు తేదీ ముద్రపడిన వీడియో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మన మాటకి బలం ఏముంటుంది? ఏదైనా జరిగితే ఆ కార్డు తీసి పక్కన పెట్టేయండి, దాని మీద మళ్లీ రికార్డు చేయొద్దు. వాట్సాప్‌లో పంపిన కాపీని కాదు, ఒరిజినల్ ఫైలుని భద్రంగా ఉంచండి.

ఇంత జరిగాక కూడా కొత్త కార్డు వేసి ఇంకో నాలుగు రోజులు అదే కెమెరా వాడాను. అప్పుడు క్లాంపు విరిగింది. దయచేసి ఈ భాగం మాత్రం దాటేయకండి, ఇది డబ్బు నష్టంతో పోయేది కాదు.

ఈ రోజుల్లో చాలా సైకిళ్లకి హ్యాండిల్ నడిమి భాగం 31.8 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫ్లాట్ బార్ అయితే గ్రిప్పుల దగ్గరికి వచ్చేసరికి 22.2కి సన్నబడుతుంది. కాంబోలో వచ్చిన ప్లాస్టిక్ క్లాంపు మధ్యలో పట్టలేదు. గ్రిప్పు పక్కన సన్నటి చోట పెడితే వదులు. గుంత వచ్చినప్పుడల్లా కెమెరా తల వేలాడేసి నేలని చూసేది. నేను స్క్రూ ఇంకా బిగించాను. రోజూ కొంచెం బిగించాను. కీలు దగ్గర వెంట్రుకంత తెల్లగీత వచ్చింది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగీత అంటే అది లోపల చిట్లడం మొదలైనట్టు. నేను గీత పడిందిలే అనుకున్నాను.

నార్సింగి దగ్గర వరసగా వేసిన తెల్ల స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమని వెళ్తుంటే టప్‌మని విరిగింది. కెమెరా కేసుతో సహా ముందు చక్రం పక్కనుంచి కిందపడి దొర్లింది. నా వెనక వస్తున్న తమ్ముడు బ్రేకు కొట్టి తప్పించాడు. ఓ నాలుగంగుళాలు లోపలికి పడి ఉంటే చువ్వల్లో ఇరుక్కునేది. పాతిక కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపడతాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

విరిగిన ముక్క చూసి మా సైకిల్ మెకానిక్ అన్న ఒక్కటే అన్నాడు. “తమ్మీ, కెమెరా ఎంతదైనా కొను, పట్టీ మాత్రం మెటల్‌దే కొను. తాడు కట్టకుండా బండెక్కకు.” ఆయన చెప్పినట్టే ఇప్పుడు 31.8 కొలతకి చేసిన అల్యూమినియం క్లాంపు వాడుతున్నాను. మధ్యలో, స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే భాగం) పక్కనే, కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించాను. దాంతో జారదు, వణుకు కూడా కొంత తగ్గుతుంది. కెమెరాని మోసే చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇవన్నీ ఉన్నా, కేసుకి వేసిన నైలాన్ తాడుని హ్యాండిల్‌కి విడిగా కట్టాను. ఊడినా చక్రం దాకా అందనంత పొట్టిగా ఉండాలి ఆ తాడు. హెల్మెట్‌కి కెమెరా బేస్ అతికించడం మాత్రం వద్దంటాను. పడ్డప్పుడు తలకీ నేలకీ మధ్య గట్టి ముద్ద ఉండకూడదు. ఛాతీకి కట్టుకునే బెల్టు నయం, వణుకుని ఒళ్లే చాలావరకు మింగేస్తుంది.

కొన్న రోజే డబ్బా అటూ ఇటూ తిప్పి చూడండి. దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎమ్మార్పీ, ఇవి ఉండి తీరాలి. లిథియం బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నా డబ్బా మీద ఇవేవీ లేవు. డెలివరీ వచ్చినప్పుడు సీలు విప్పడం నుంచి వీడియో తీసుకోండి. ‘రీప్లేస్‌మెంట్ ఓన్లీ’ అని రాసి ఉంటే ఆలోచించండి, అలాంటిదే ఇంకోటి పంపుతారు. అమ్మినవాడు నాతో “క్లాంపు, కార్డు యాక్సెసరీలు సార్, వాటికి వారంటీ రాదు” అన్నాడు. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. కార్డు పరీక్ష ఫలితం, విరిగిన క్లాంపు ఫొటోలు ఇచ్చాను. ఇంకా తేలలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కేటప్పుడు కెమెరా అవసరమే పడదు. అక్కడికి చేరే దారిలోనే మనకి భయం. వచ్చే ఆదివారం ఆరింటికి నార్సింగి వైపు ట్రాక్ మొదట్లో ఉంటాను, విరిగిన క్లాంపు సంచిలో తెస్తాను. మీ కెమెరా బిగింపు మీద అనుమానం ఉన్నవాళ్లు సైకిల్‌తో రండి, కలిసి చూద్దాం. తెల్లగీత ఉందంటే మాత్రం దాన్ని అక్కడే విప్పేద్దాం.